రాజీ తర్వాత ఓట్లు

ఈ అరబ్బు దేశంలో, జాబ్రియాలో మేం పనిచేసే ఇంట్లో మరియం ఇసకలో చెనిక్కాయలు వేయించిందంటే, ఆ వాసన వంటింటి కిటికీ దాటి, నాలుగో రింగు రోడ్డు దాటి, సముద్రం మీదుగా పోయి నేరుగా కడప జిల్లాలోని మా పల్లెలో దిగుతుంది. ఇక్కడ నేను వంటమనిషిని, మరియం పిల్లల్ని చూసుకుంటుంది. ఆమెది ఆఫ్రికా. ఏ దేశమో మాత్రం రాయొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. మీ దేశంలో తెలుగు చదివేవాళ్ళు ఎవరున్నారే అంటే, "లేరని నీకెట్లా తెలుసు సిస్టర్?" అంది.

వాళ్ళ దేశంలో సర్కారువాళ్ళూ, అడవిలో తుపాకులు పట్టినవాళ్ళూ ఏండ్ల తరబడి కొట్టుకొని, చివరికి శాంతి ఒప్పందం మీద సంతకాలు చేసినారు. ఇప్పుడు పార్లమెంటు ఎన్నికలు. ఆ గొడవల్లో ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకున్న వాళ్ళమ్మ, ఓటుకు పోవాలో వద్దో నువ్వే చెప్పమని కూతురికి ఫోన్ చేసింది. మరియం రెండు రోజులు ఆలోచించి మూడు బాణళ్ళ చెనిక్కాయలు మాడ్చింది గానీ ఏమీ తేల్చలేదు. "మీ ఊర్లో ఇట్లాంటివి జరిగినాయా?" అని నన్నడిగింది. నన్ను అడిగినాక ఇంక ఆపడం ఎవరి తరం?

మా ఊర్లో పైవీధి, కిందవీధి అని రెండు వీధులు, రెండు పార్టీలు, మధ్యలో మూడడుగుల కాలువ. మాది పైవీధి. నా చిన్నప్పుడు ఆ కాలువ దాటింది ఎనుములూ కుక్కలే. అవి కూడా అటూ ఇటూ చూసుకొని దాటేవి. చెనిక్కాయ పీకే కాలంలో ఊరంతా పచ్చి మట్టి వాసనా, ఉడికిన కాయల వాసనా కలిసి కమ్మగా ఉండేది గానీ, చేలో కట్టెల చప్పుడైతే చాలు మా అమ్మ నన్ను గంపకింద కోడిపిల్లను మూసినట్టు మూసేసేది. అచ్చనగాయలు ఆడేటప్పుడు కూడా మేం ఎదుటిదాని గుప్పిట విప్పి చూసేవాళ్ళం, రాళ్ళే పట్టుకుందా, ఇంకేమైనా పట్టుకుందా అని.

అట్లాంటి ఊరికి రాజీ వచ్చింది. మామిడితోపులో విందు పెట్టినారు. పొట్టేళ్ళు వాళ్ళవి, కారం మాది, నీళ్ళు పోలీసులవి. రెండు వీధుల పెద్దలూ కౌగిలించుకొని, ఒకరి నడుములు ఒకరు తడిమి చూసుకొని, ఎదురెదురుగా కూర్చున్నారు. విస్తట్లో సంగటి ముద్దలు గుండ్రాళ్ళయిపోతున్నా ఒక్కరూ చెయ్యి పెట్టలేదు. చివరికి ఆకలికి ఆగలేక పోలీసు జీపు డ్రైవరు తిన్నాడు. నాలుగొందల మంది రెప్ప వెయ్యకుండా అతన్నే చూసినారు. అతను రెండో ముద్ద అడిగినాక గానీ మిగతా చేతులు విస్తట్లోకి దిగలేదు.

ఆ తర్వాత నెలకే ఓట్లు. ఓటు హక్కు వచ్చి ముప్పయ్యేండ్లయినా మా జేజికి, అంటే మా నాయన తల్లికి, ఓట్ల డబ్బా ఎట్లుంటుందో తెలీదు. ఆమెకు కాళ్ళనొప్పులని జాలిపడి మా వీధి మొనగాళ్ళే ఆమె ఓటూ, ఊరందరి ఓట్లూ గుద్దేసి వచ్చేవాళ్ళు.

"రాజీ అయిందంట గదా," అంది జేజి. "అట్లయితే నా ఓటు నేనే ఏస్తా. ఆ డబ్బాకు అడుగుండాదో లేదో చూసొస్తా."

నన్ను వెంటబెట్టుకొని, వరస పెద్దదిగా ఉంటుందని వేయించిన చెనిక్కాయలు పాతపంచెలో మూటగట్టి చంకన పెట్టుకొని బయల్దేరింది. బడి ముందర మొట్టమొదటిసారి రెండు వీధులూ ఒకే వరసలో నిలబడినాయి. వెనకవాడికి వీపు చూపించడం ఇష్టంలేక అందరూ పక్కకు తిరిగి నిలబడినందువల్ల ఆ వరస ఎండ్రకాయ మాదిరి నడిచింది. అంతలో కిందవీధి మనిషి ఒకడు మా మూట చూసినాడు. నాటుబాంబుల కాలం, మూట అంటే ఒకటే అర్థం.

"పెద్దమ్మా, ఆ మూటలో ఏముండాది?"

"నీకెందుకురా? నీ జోబీలో ఏముండాదో నేనడిగితినా?"

ఆ మాటతో వరస మాయమైంది. బడి ముందర రెండొందల చెప్పులు మిగిలినాయి, అందులో ఏ రెండూ జత కాదు. తలుపు చాటునుంచి పోలీసు "మూట కింద పెట్టు" అని అరిచినాడు.

"మన్ను అంటుకుంటాది నాయనా. నువ్వే వొచ్చి పట్టుకో."

ఎవరొస్తారు? జేజి మూటతోనే లోపలికి పోయింది. బల్లకింద నుంచి ఒక చెయ్యి కాగితం అందించింది. ఆమె డబ్బాను వంచి, అడుగు తట్టి చూసి, ఓటేసి వచ్చి, మెట్లమీద కూర్చొని మూట విప్పి నాకింత పెట్టింది. మేం కాయలు వలిచే చప్పుడు విని ఒక్కొక్కరే వాములచాటు నుంచి తిరిగొచ్చినారు. ఆ పొద్దు మా ఊర్లో ఎవరి ఓటు వాళ్ళే వేసుకున్నారు. ఎందుకంటే, అందరి ఓట్లూ గుద్దే మొనగాళ్ళు అందరికంటే దూరం పరిగెత్తినందువల్ల పొద్దుగూకే లోపల ఊరు చేరలేకపోయినారు.

"ఎవరూ చావలేదా?" అంది మరియం.

"ఆ రోజు లేదు."

బాణలి దించి, మరియం వాళ్ళమ్మకు ఫోన్ చేసింది. ఏం చెప్పినావంటే, "పొమ్మన్నా. చేతిలో ఏమీ పట్టుకోవద్దన్నా," అంది.

ఇప్పుడు మా ఊర్లో ఆ కాలువ మీద సిమెంటు రోడ్డు పడింది. జేజి లేదు. పైవీధి, కిందవీధి రెండూ ఇక్కడికే పనికొచ్చి, ఖైతాన్‌లో ఒకే గదిలో ఆరుగురు చొప్పున కాపురముంటూ, శుక్రవారాలు ఒకే గిన్నెలో సంగటి గెలుకుతున్నాయి. ఎవరు ముందు తింటారా అని చూసే తీరిక కూడా వాళ్ళకు లేదు.

మరియం ఫోన్ చేసిన మరుసటి రోజే అక్కడ ఓట్లు. పొద్దుటినుంచి ఫోన్ రాలేదు. నేను కూరలో ఉప్పు రెండుసార్లు వేసినాను. మామా, అంటే మా ఇంటి యజమానురాలు, వచ్చి "యల్లా, యల్లా" అని తొందరపెట్టినా మరియం ఫోన్ చేతిలోంచి దించలేదు. మధ్యాహ్నం మూడింటికి మోగింది. వాళ్ళమ్మ ఓటేసిందంట. కానీ ఇంటికి పోలేదంట. లెక్కపెట్టేవాళ్ళ మొహాలు నచ్చలేదని, లెక్క అయ్యేదాకా కదలనని అక్కడే నేలమీద కూర్చుందంట.

"నా మాట వినడంలేదు సిస్టర్. నువ్వన్నా చెప్పు, ఇంటికి పొమ్మని," అని మరియం ఫోన్ నా చేతిలో పెట్టింది.

ఆమె భాష నాకు రాదు, నా భాష ఆమెకు రాదు. అవతల జనం గోల, మధ్యలో ఒక ముసలామె ఊపిరి వినిపిస్తున్నాయి.

"ఆడనే కూర్చో పెద్దమ్మా," అన్నాను. "లెయ్యగాకు."