ఈల గుర్తు మీద నిలబడిన మా అత్తమ్మ

మా అత్తమ్మ పోయారన్న మాట నాకు కంపెనీ గేటు దగ్గర తెలిసింది. నేను పనిచేసే మందుల కంపెనీలోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. షిఫ్టు అయ్యి బయటికి వస్తే మా ఆయన బండి పక్కన నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ రాని మనిషి.

"అమ్మ పోయింది. పండుకున్నది పండుకున్నట్టే ఉన్నది," అన్నాడు.

నేను "సరే" అన్నాను. మళ్లీ లోపలికి వెళ్లి, మరిచిపోయిన టిఫిన్ డబ్బా తెచ్చుకుని బండెక్కాను. ఇప్పటికీ నాకు ఏడుపు రాలేదు. చూసినవాళ్లు ఏమనుకున్నారో తెలియదు. ఆమె ఉంటే మాత్రం ఏమీ అనుకునేవారు కాదు.

మాది ఇస్నాపూర్ దాటాక వచ్చే ఒక ఊరు. అత్తమ్మ వాళ్లది తరాలుగా అక్కడ వ్యవసాయం చేసిన కుటుంబం. పొలాలు షెడ్లుగా మారాక, మిగిలిన జాగాలో వరసగా కిరాయి గదులు కట్టారు. మా నాన్నగారు కోస్తా నుంచి ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డారు. నన్ను చేసుకుంటానని కొడుకు చెప్పినప్పుడు అత్తమ్మ అడిగింది ఒక్కటే: "ఆంధ్ర పిల్లనా? కూరల కారం జెర తక్కువ ఏస్తదా? నాకు కడుపుల మంట." నేను తక్కువే వేశాను. ఆమె పైన ఇంత కారం చల్లుకుని తినేవారు.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. నీళ్లు దోసిట్లో పట్టి, వాసన చూసి, ఆ తర్వాతే తాగేవారు. మా బోరు నీళ్లు చెడిపోయి చాలా కాలమైంది. ఎండాకాలం పంచాయతీ ట్యాంకరు వచ్చేది కానీ, మా ఇంటి మలుపు దాకా వచ్చి వెనక్కి తిరిగేది. వెనకాల గదుల్లో ఉండే ఒడిశా, బీహార్ వాళ్లు బకెట్లు పట్టుకుని పరుగెత్తుకు వచ్చేసరికి అది వెళ్లిపోయేది, వాళ్లకు దాహానికి కూడా నీళ్లు దొరికేవి కావు.

అప్పటి వార్డు మెంబరు అత్తమ్మకు మరిది వరస. ఒకరోజు ఆయన్ని వాకిట్లోనే నిలబెట్టి ట్యాంకరు సంగతి అడిగారు. ఆయన నవ్వాడు.

"వాళ్లకు ఈడ ఓట్లు లేవు వదినా. ఏంజేస్తం?"

"ఓటు లేనోళ్లకు దూప గాదా?" అన్నారు అత్తమ్మ.

ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడు, అన్నం తింటూ తింటూ "నేను నిలబడ్త" అన్నారామె. మా ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"చిన్నాయన మీదనా? ఇజ్జత్ పోతదమ్మా."

"అడిగితె పోయేదేంది? నా నోరు నాకాడనే ఉంటది."

ఆమెకు ఈల గుర్తు వచ్చింది. "నా పండ్లే సక్కగ లేవు, ఈల ఎట్ల ఊదాలె?" అని ఆమే అందరికంటే ముందు నవ్వారు. జీపు లేదు, మైకు లేదు. సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగేవాళ్లం. ఆమె గడప మీద కూర్చుని, ఆ ఇంటావిడ చేతిని తన ఒళ్లోకి లాక్కుని మాట్లాడేవారు. ముందు పిల్లల సంగతి, తర్వాత మోకాళ్ల నొప్పుల సంగతి. లేచేటప్పుడు మాత్రం "ఈల. మర్చిపోకు" అనేవారు. ఒకావిడ ముఖం మీదే అడిగింది: "గదులు నీయే గద అక్కా, కిరాయిల కోసమే గద?" నాకు కోపం వచ్చింది. అత్తమ్మకు రాలేదు. "నాయే. నా గదులల్ల ఉన్నోళ్లు దూపకు పరేషాన్ అయితుంటె నాకు ముద్ద దిగుతదా?" అన్నారు.

పోలింగు రోజు మధ్యాహ్నం కావస్తుండగా మరిది ఇంటి ముందు నుంచి వస్తున్నాం. ఆయన తల్లి వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. తుంటి విరిగి, గోడ పట్టుకుంటే తప్ప నాలుగడుగులు వేయలేని మనిషి. కొడుకులూ మనవలూ ఓటర్లను తెచ్చే హడావిడిలో పడి ఆమె సంగతి మరిచిపోయారు.

"నన్నెవ్వలు తీస్కపోలే బిడ్డా," అంది ముసలామె.

అత్తమ్మ వెంట ఉన్న మా ఆయన వైపు చూశారు. "చిన్నత్తను ఎత్తుకో. జల్దీ."

నేను ఆమె చెవిలో అన్నాను. "అత్తమ్మా, ఆవిడ వాళ్ల అబ్బాయికే కదా వేసేది?"

"ఏస్తది. నీ కొడుకు నిలబడితె నువ్వెవలకేస్తవు?"

మా ఆయన ముసలామెను పోలింగు జరిగే బడి దాకా ఎత్తుకొచ్చాడు. బూత్ లోపలికి మాత్రం ఆమె ఒక్కతే గోడ పట్టుకుని వెళ్లింది. అత్తమ్మ బయట ఎండలో నిలబడి, ఆమె వచ్చేదాకా కదల్లేదు.

ఆ రోజే లెక్కపెట్టారు. ఇద్దరికీ సమానంగా ఓట్లు వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టినా అంతే. అధికారులు రెండు చీటీలు మడిచి డబ్బాలో వేసి ఒకటి తీశారు. మరిది పేరు వచ్చింది. బయట పటాకులు మొదలయ్యాయి.

ఇంటికొచ్చాక మా ఆయన గోడను గుద్దాడు. "ఆమెను నేనే మోసిన. నా చేతులతోని నేనే ఓడగొట్టిన."

"ఆమె ఓటు ఆమె ఏస్కున్నది. నాదేమన్న గుంజుకున్నదా?" అని అత్తమ్మ చాయ్ పెట్టమన్నారు. ఆ పూట ఆమె వాకిట్లో చాలాసేపు ఒక్కరే కూర్చున్నారు. నేను పక్కకు వెళ్తే "నీకు షిఫ్టు లేదా?" అన్నారు. అంతే.

మర్నాడు పొద్దున్నే మరిది ఇంటికి బయల్దేరారు. నేనూ వెంట వెళ్లాను.

"గెలిచినవ్ గద మరిదీ. ఇగ నడు, గదుల దిక్కు పోదాం."

"జెర చాయ్ తాగనియ్యి వదినా."

"నాకు గూడ పొయ్యి. తాగినంకనే పోదాం."

అలా మొదలుపెట్టి ఆయన్ని వదల్లేదు. ప్రతి గ్రామసభలోనూ ముందు వరసలో కూర్చునేవారు. చివరికి గదుల మొదట్లో ఒక నల్లా వచ్చింది. లోపలిదాకా పైపు వేస్తామన్నారు కానీ ఇంకా వెయ్యలేదు.

అత్తమ్మను తీసుకెళ్లే రోజు మరిది కూడా పాడె పట్టాడు. అంతకు ముందు ముసలామె చూడాలని పట్టుబడితే, మా ఆయనే వెళ్లి మళ్లీ ఎత్తుకొచ్చాడు. ఆమె అత్తమ్మ పాదాల దగ్గర కూర్చుని, కొడుకు వింటుండగానే అంది: "ఈల మీదనే గుద్దిన బిడ్డా. నీకు జెప్పనే లేదు."

మరిది తల వంచుకున్నాడు. మా ఆయన గోడ వైపు తిరిగి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇన్నాళ్లూ ఆ ఒక్క ఓటు వల్లే ఓడామనుకున్నాం. అది లేకపోతే చీటీ దాకా కూడా వచ్చేవాళ్లం కాదేమో. ముసలామె నిజమే చెప్పిందో, చనిపోయిన మనిషికి ఇంకేమీ ఇవ్వలేక ఆ మాట ఇచ్చిందో నాకు తెలియదు. అత్తమ్మ మాత్రం ఆమెను ఎన్నడూ అడగలేదు.

కర్మకాండలన్నీ అయ్యాక టెంట్ హౌస్ వాళ్లు వచ్చారు. షామియానా విప్పి, నీలం ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పెడుతున్నారు. అత్తమ్మ రోజూ గేటు దగ్గర వేసుకుని కూర్చునే కుర్చీ కూడా అలాంటిదే.

"అమ్మా, వీట్లల్ల మీ కుర్చొకటి ఉన్నదంట. ఏది?" అని అడిగాడు పనివాడు.

నేను వెళ్లి చూశాను. అన్నీ ఒకేలా ఉన్నాయి. కుర్చీల చేతులు తడిమి చూశాను. తెలియలేదు.

"ఏదో ఒకటి ఉంచేసి వెళ్లండి," అన్నాను.

వాళ్లు ఒకటి దించి, ఆటో ట్రాలీ ఎక్కి వెళ్లిపోయారు. ఆ కుర్చీ గేటు పక్కన, రోడ్డు వైపు తిరిగి, ఎండలో ఉంది.