పాల సాక్ష్యం

పదహారేళ్లు ఒక బరువు మోశాను. ప్రార్థనలో మోకరించిన ప్రతిసారీ మొదట అదే ఎదురొచ్చేది. దాన్ని పక్కకు నెట్టి మిగతావన్నీ ఒప్పుకునేదాన్ని. కోపం, అసూయ, ఆదివారం పూట చేసిన పొలం పని. చిన్నవన్నీ చెప్పి పెద్దదాన్ని దాచడం దేవుని దగ్గర కుదురుతుందని ఎలా అనుకున్నాను? నిజానికి అనుకోలేదు. మనుషుల దగ్గర కుదిరింది, అది చాలనుకున్నాను.

మీరు నన్ను ఎరగరు. అందుకే మొదటి నుంచి రాస్తున్నాను. మాది కదిరికి ఆటోలో అరగంట దూరంలో ఉన్న పల్లె. చిన్నప్పటి నుంచి సంఘంలో పెరిగాను. సండే స్కూల్లో పిల్లలకు వాక్యం నేర్పుతాను. నా భర్త సంఘ పెద్ద. పెళ్లయిన ఏడేళ్లకు మాకు కూతురు పుట్టింది.

ముందు ఆ పిల్ల గురించి చెప్పనివ్వండి. గర్వం పాపమని నేనే నేర్పుతాను, అయినా చెప్తాను. పిల్లి కూనంత పుట్టింది. చూసినవాళ్లు నా ముఖం వైపు చూడకుండా వెళ్లిపోయేవారు. అలాంటి పిల్ల ఐదో నెలలో బోర్లా పడింది. ఏడో నెలలో, ఆరబోసిన వేరుశనగ కాయల మీద పాకి వీధినంతా నవ్వించింది. పదో నెలలో గోడ పట్టుకుని నిలబడింది. అదే నెలలో గోడ వదిలేసింది. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది, ఖో-ఖోలో పరిగెత్తితే అవతలి జట్టు చేతికి దొరకదు. ఆ కాళ్లను చూసినప్పుడల్లా నా గుండె ఉప్పొంగుతుంది. ఆ కాళ్లలోని బలం ఎవరిది? ఇక్కడికి రాగానే ప్రతిసారీ ఆగిపోయేదాన్ని. ఈసారి ఆగను.

నాకు పాలు పడలేదు.

కాన్పయిన మూడో రోజు, ఐదో రోజు, పదో రోజు. చుక్కలు తప్ప రాలేదు. డబ్బా పాలు పిల్లకు సరిపడక విరేచనాలు పట్టుకున్నాయి. సంఘంలోని ఆడవాళ్లు మా ఇంట్లో ఉపవాస ప్రార్థన పెట్టారు. నేనూ ఉపవాసం ఉంటానన్నాను. బాలింతకు ఉపవాసమేమిటని ఎవరూ అడగలేదు. నా విశ్వాసాన్ని మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకు బాగుంది. అదీ రాయాలి.

పక్కింట్లో ఓబులమ్మ ఉండేది. గొర్రెలు మేపుకునే కుటుంబం. నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఆమె చంకలో ఐదు నెలల కొడుకు. ఒక మధ్యాహ్నం ప్రార్థనకు వచ్చినవాళ్లు వెళ్లిపోయాక ఆమె పెరటి తలుపు తోసుకుని వచ్చింది. రవిక ముందుభాగం తడిసి ఉంది.

"ఏమ్మే, నీ పిల్ల ఏడిస్తే నాకు పాలు చేపుతాండాయి. మావాడు తాగలేక కక్కుతాండాడు. ఇంగ ఎంతసేపు ఇనేది? ఇట్ల తే పిల్లను."

నేను ఇవ్వలేదు. ఆమె జాతరలో తల మీద జ్యోతి మోసే మనిషి. నా బిడ్డ దేవునికి ప్రతిష్ఠించిన బిడ్డ. "ప్రార్థనలో ఉండాను అక్కా" అన్నాను.

"చేసుకో, ఎవరొద్దన్నారు? నువ్వు కండ్లు మూసుకొని చేసుకుంటా ఉండు. ఆలోపల పిల్ల తాగుతాది." అని ఆమే తీసుకుంది.

నా పిల్ల గుటకలు వేసిన చప్పుడు అప్పుడు మొదటిసారి విన్నాను. కళ్లు మూసుకునే ఉన్నాను. ప్రార్థించడానికి కాదు. చూడలేక.

ఐదు నెలలు ఇచ్చింది. రోజుకు మూడుసార్లు, పెరటి వైపు నుంచి. అటునుంచే రమ్మని నేనే చెప్పాను. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. మేత లేక ఆమె భర్త మందను తోలుకుని కాలువ నీళ్లున్న ఊళ్లకు పోయాడు. ఏటా ఆమె కూడా అతని వెంట పోయి, అక్కడ వండిపెట్టేది, ఈనిన గొర్రెల్ని చూసుకునేది. ఆ ఏడు పోలేదు. "ఇంగోళ్ల పిల్ల కోసం మొగున్ని పస్తు పెడతాండావే" అని ఆమె అత్త వాకిట్లో నిలబడి తిడుతుంటే నేను గోడకు ఇవతల వినేదాన్ని. నాతో ఉపవాసం మాన్పించి, సంగటి ముద్ద, వెల్లుల్లి కారం తినిపించింది కూడా ఓబులమ్మే. రెండో నెల చివర నాకూ కాసిని పాలు వచ్చాయి. పిల్లకు సరిపడా ఎప్పుడూ రాలేదు. ఈ సంగతి నా భర్తకు తెలుసు. ఆయనా నోరు మూసుకున్నాడు.

పాపకు ఏడాది నిండినప్పుడు మందిరంలో కృతజ్ఞత కూడిక పెట్టాం. అలాంటి రోజున తల్లి మైకు పట్టుకుని, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పడం మా దగ్గర ఆనవాయితీ. ఓబులమ్మ కూడా వచ్చింది. నేను పిలిచానో లేదో గుర్తులేదు. కాదు, గుర్తుంది. పిలవలేదు. కొత్త చీర కట్టుకుని, కొడుకును ఒళ్లో పెట్టుకుని, చెప్పులు విడిచే చోట కూర్చుంది.

ఉపవాసం గురించి చెప్పాను. కన్నీళ్ల గురించి చెప్పాను. అంతవరకు నిజమే. ఆ తర్వాత నా నోటి నుంచి వచ్చింది ఇది: "ఏ మనిషి సహాయం లేకుండా, దేవుడొక్కడే నా రొమ్ముల్లో పాలు పుట్టించాడు."

స్తోత్రం, స్తోత్రం అని మందిరం మోగింది. నా చంకలో పాప ఆ చప్పుడుకు బెదిరి చుట్టూ చూసింది. ఓబులమ్మను కనుక్కుంది. రెండు చేతులూ చాచి ఆమె వైపు దూకబోయింది. పాస్టరమ్మ నవ్వుతూ "ఎవరామె?" అని అడిగారు.

"పక్కింటామె. పాపకు కొత్తా పాతా లేదమ్మా, అందరి దగ్గరికీ పోతాది" అని, పాప ముఖాన్ని నా భుజం వైపు తిప్పేసుకున్నాను.

ఒక శిష్యుడు మంట దగ్గర చలి కాచుకుంటూ తన ప్రభువును ఎరగనని బొంకిన సంగతి ఎన్నోసార్లు పిల్లలకు నేర్పాను. ఆయన మూడుసార్లే బొంకాడు.

భోజనాల దగ్గర ఓబులమ్మ నా పక్కకు వచ్చింది.

"బాగా చెప్పినావు మ్మే. మైకులో నీ గొంతు ఊరంతా ఇనబడింది."

"అక్కా, అది..."

"నాకెందుకులే. పాలు యాడనుంచి వచ్చినాయో నీ దేవునికి తెలీదా ఏమి?"

నవ్వుతూనే అంది. అన్నం ముట్టకుండా పోయింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మా ఇంటికీ రాలేదు.

ఆ సాక్ష్యం మాత్రం ఊళ్లు తిరిగింది. చుట్టుపక్కల కూడికలకు నన్ను పిలిచేవారు. చెప్పిన కొద్దీ అది పెరిగింది, నా పేరూ పెరిగింది. బైబిలు వాక్యంలో పాలిచ్చి పెంచిన దాది ఒకామె ఉంది. ఆమె చనిపోతే పేరుతో సహా రాసి, ఏ చెట్టు కింద పాతిపెట్టారో దానికి ఏడుపు చెట్టని పేరు పెట్టారు. ఆ భాగం వచ్చినప్పుడు పిల్లలతో గబగబా చదివించి పేజీ తిప్పించేదాన్ని. పాలిచ్చిన మనిషి పేరు దేవుడు రాయించుకున్నాడు. నేను తుడిపేశాను. ఇది తెలిసీ ఎలా పాఠం చెప్పగలిగాను? చెప్పగలిగాను, అంతే. బాగానే చెప్పాను కూడా.

పోయిన నెల పక్క ఊరి నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. చేతుల్లో ఇరవై రోజుల మగబిడ్డ. పాలు పడలేదట. నా సాక్ష్యం విని మూడు రోజులుగా ఏమీ తినలేదట. "ఇంగెన్ని దినాలు ఉండాల ఆంటీ?" అని అడిగింది. బిడ్డ నుదురు ముడతలు పడి ఉంది. వాడికి ఏడవడానికి కూడా ఓపిక లేదు. అంతవరకు నా అబద్ధం నా ఒక్కదాని బరువే అనుకున్నాను. అది పోయి ఇంకొక తల్లి కడుపు మాడుస్తోందని, ఆమె బిడ్డ నోటి దగ్గరిది లాగేస్తోందని నాకు ఎన్నడూ తట్టలేదు.

"ఉపవాసం వద్దు తల్లీ. నా పిల్ల నా పాలతో బతకలేదు. ఓబులమ్మ అనే ఆమె ఇచ్చింది" అన్నాను.

ఆ అమ్మాయి నన్ను చూసిన చూపు మీకు చెప్పలేను. ఆమెకు అన్నం పెట్టి, ఇద్దరినీ ఆటోలో కదిరి ఆసుపత్రికి తీసుకుపోయాను. బిడ్డ తేరుకున్నాడు. తేరుకోకపోతే నేను ఈ కాగితం రాయగలిగేదాన్నా?

శనివారం నా కూతురికి చెప్పాను. నేను వడ్డించిన కంచం పక్కకు జరిపి బయటికి పోయింది. ఆదివారం సాక్ష్యాల వేళ లేచి, ఏమీ దాచకుండా మైకులో చెప్పాను. స్తోత్రమని ఒక్కరూ అనలేదు. నా భర్త తల వంచుకున్నాడు. పాస్టర్ గారు మైకు తీసుకుని పాట ఎత్తమన్నారు.

తర్వాత ఓబులమ్మ దగ్గరికి పోయాను. గొర్రెపిల్లలకు నీళ్లు పెడుతోంది. మందిరంలో చెప్పేశానన్నాను.

"పదారేండ్లు పట్టిందా మ్మే?" అంది. నీళ్లు పెడుతూనే ఉంది.

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. అడిగితే అదీ ఆమె దగ్గర పుచ్చుకోవడమే అవుతుంది. పుచ్చుకున్నది చాలు.

ఆ రోజు నుంచి నన్ను సాక్ష్యానికి ఎవరూ పిలవడం లేదు. పిలవకపోయినా నా దగ్గర ఒకటి ఉంది. దేవుడు నా బిడ్డకు పాలు పుట్టించాడు, ఇప్పటికీ నమ్ముతాను. ఓబులమ్మ రొమ్ముల్లో పుట్టించాడు. ఈ మాట చెప్పడంలో ఇంత గర్వం ఉంటుందని నాకు తెలియదు.