వంతులు మూడు, కడుపు ఒకటి

మా మనవడు గుర్రం కొన్నాడని తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు. వాడొక్కడే కొనలేదు. కాలేజీలో కలిసి చదివిన ముగ్గురూ కలిసి కొన్నారు. మావాడు పుంగనూరులో పాల సేకరణ చేస్తాడు. ఒకడిది మదనపల్లెలో టమోటా మండీ. ఇంకొకడు కుప్పం వాడు, గ్రానైటు పలకల పని మీద బెంగళూరు పోయివస్తుంటాడు. ఈ పందెం గుర్రాల పిచ్చి వాడే తెచ్చి మిగిలిన ఇద్దరికీ అంటించాడు.

"గుర్రంలో మూడో వంతు మనది అవ్వా" అన్నాడు మావాడు.

"ఏ వంతురా? తలా, తోకా?" అన్నాను.

మూడో తరగతిలో బడి మానేసినదాన్ని. పందేల సంగతి నాకు తెలియదు. ఆవుల సంగతి తెలుసు.

కొన్న కొన్నాళ్లకే ఆ ఆడగుర్రానికి ముందరి కాలి నరం వాచింది. కొన్ని నెలలు పరుగు మాన్పించమన్నారట. దాన్ని బెంగళూరులో ఊరికే నిలబెట్టడానికయ్యే ఖర్చు విని, "మన కొట్టం సగం ఖాళీగా ఉండాది, ఈడికే తోలుకొని రాండి" అన్నది నేనే. లారీలోంచి అది దిగుతుంటే తల పైకెత్తి చూశాను. మా పుంగనూరు ఆవు నా నడుము దాకా కూడా రాదు. దీని వీపు నా తలకంటే పైన. ఆ పళ్లు చూసి, తాడు పట్టుకోమంటే వెనక్కి జరిగాను.

మా ఇంట్లో ఒక అలవాటు. ఎవరొచ్చినా ముందు కొట్టంలోకి పోయి, పశువు నోటికి ఏదో ఒకటి అందించి, తర్వాతే గడప తొక్కుతారు. ముగ్గురూ ఆ మర్యాద గుర్రానికీ చేశారు.

ఒక ఆదివారం ముగ్గురూ ఇంట్లోనే ఉన్నారు. మధ్యాహ్నం నేను వాకిట్లో చింతపండు ఎండబెడుతుంటే కొట్టంలో దబ్బుమని చప్పుడైంది. పోయి చూస్తే గుర్రం పడిపోయి ఉంది. మెడ తిప్పి తన కడుపు వైపే చూసుకుంటూ కాళ్లు కొట్టుకుంటోంది. మెడంతా చెమట.

"ఎవురు ఏం పెట్నారురా దీనికి?"

"పొద్దున వేరుశనగ చెక్క నానబెట్టి పెట్టినా" అన్నాడు మావాడు.

"నేను బెల్లం, క్యారెట్లు... కొంచెమే అవ్వా" అన్నాడు మదనపల్లె వాడు.

కుప్పం వాడు చేతిలోని ఖాళీ బకెట్టు కాళ్ల వెనక్కి పెట్టుకున్నాడు.

"నువ్వేమి పెడితివప్పా?"

"ఉలవలు. ఉడకబెట్టి తెచ్చినా. గుర్రం కదవ్వా, ఉలవలు పెట్టకుంటే ఎట్ల?"

"వంతులు మూడైనా దాని కడుపు ఒకటే కదరా!" అని అరిచాను.

ఆవుకు పెట్టినట్టే దాని డొక్కకు చెవి పెట్టాను. బాగున్న పశువు కడుపు ఉడికే కుండలా గుడగుడమంటుంది. అక్కడ ఏ చప్పుడూ లేదు. ఇదే కొట్టంలో కడుపుబ్బి చచ్చిన ఆవును చూసినదాన్ని. ఆ చావు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఆవులకు పోసినట్టు నోట్లో పోద్దామని పరిగెత్తి వెదురు గొట్టం, ఆముదం తెచ్చాను. బెంగళూరు డాక్టరుతో ఫోనులో ఉన్న కుప్పం వాడు కేక పెట్టాడు.

"పోయొద్దవ్వా! ఊపిరితిత్తుల్లోకి పోతే సచ్చిపోతాదంట. పొర్లనీకుండా లేపి నడిపించాలంట!"

గొట్టం నా చేతిలోంచి జారిపోయింది.

మా ఊరి పశువుల డాక్టరు పక్క పల్లె నుంచి రావాలి. అంతవరకూ నడిపించాలి. ముగ్గురూ తోసి, లాగి దాన్ని లేపారు. వాకిట్లో నాలుగు చుట్లు తిప్పారో లేదో, "నీ ఉలవలే", "నీ బెల్లమే" అని వాదులాట మొదలుపెట్టారు. తాడు వదులైంది. గుర్రం మోకాళ్లు మళ్లీ మడుచుకుంటున్నాయి.

"ఈడ తగువులేందిరా, అది సస్తాంటే!" అని తాడు లాక్కున్నాను.

దాని వేడి ఊపిరి నా మెడకు తగులుతోంది. ఆ పళ్లు నా చెవి పక్కనే. అది కరుస్తుందన్న భయం ఒక పక్క, నా చేతిలోనే కూలిపోతుందన్న భయం ఇంకో పక్క. "నడువు తల్లీ, నడువు" అంటూ లాగాను.

డాక్టరు వచ్చి, ముక్కులోంచి గొట్టం వేసి మందు పోశాడు, సూది వేశాడు. "ఇంక లద్దె పడాలమ్మా. అంతవరకూ ఏమీ చెప్పలేను" అన్నాడు.

మళ్లీ నడక. ముగ్గురూ వెనకే, దాని తోక మీదే చూపు. పొద్దు గోడ వెనక్కి దిగిపోయింది. అప్పుడు తోక లేచింది. ముందు గాలి, తర్వాత లద్దె. మావాడు నేలమీద కూలబడి ఏడ్చాడు. మదనపల్లె వాడు రెండు చేతులూ పైకెత్తి తన దేవుణ్ణి తలుచుకున్నాడు.

"తాడు తీసుకోండ్రా, మూడు వంతులు మీవే కదా" అన్నాను. అన్నానే గాని, తాడు పట్టిన నా పిడికిలి విడిపోవడం లేదు. మావాడే ఒక్కొక్క వేలూ తీశాడు.

మరుసటి రోజే మేత గదికి తాళం వేసి, తాళంచెవి రొంటిన దోపుకున్నాను. గుర్రం వాళ్లది, మేత నాది. నిమరడానికి మాత్రం ఎవరైనా రావచ్చు. కుప్పం వాడైతే జేబులు చూపించి రావాలి.

కాలు నయమవుతోందట, త్వరలో పందేనికి పోతుందట. అది వాళ్ల మాట. నేను మాత్రం తెల్లవారగానే మొదట కొట్టంలోకి పోయి దాని డొక్కకు చెవి పెడతాను. ఆ గుడగుడ వినిపించేదాకా పొయ్యి వెలిగించను.