వెనక నుంచి వచ్చిన వరద

గుండీలక్క అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ తెలియదు. చొక్కా గుండీ ఊడిందని ఎవరు వచ్చినా స్టూలు మీద కూర్చోబెట్టి, రేకు డబ్బాలో చెయ్యి పెట్టి, అచ్చం అలాంటి గుండీనే వెతికి కుట్టి పంపిస్తుంది. ఆ పేరు అలా వచ్చింది. బడిపిల్లల యూనిఫాంలు కుట్టడం ఆమె పని. భర్త లారీ డ్రైవరు. ఇంట్లో ఉండే రోజులకన్నా ఉండని రోజులే ఎక్కువ.

వాళ్లది రెండంతస్తుల ఇల్లు. పైభాగంలో మరిది కుటుంబం, కింద ఈమె. కట్టిన కొత్తలో కింది గుమ్మం రోడ్డుకన్నా ఎత్తుగానే ఉండేది. కానీ రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్తది పరుస్తూ పోయారు. రోడ్డు పెరిగింది, ఇల్లు పెరగలేదు. ఇప్పుడు వీధిలోంచి ఇంట్లోకి మెట్లు దిగి రావాలి. "పెద్దకోడలు నూతిలో కాపురం పెట్టింది" అని అత్తగారు వేళాకోళం చేసేది.

ఆ అత్తగారే ఇప్పుడు తుంటి ఎముక విరిగి ఆ నూతిలోనే మంచం పట్టింది. పైన చిన్నకోడలి వంటింట్లో తడి నేల మీద జారి పడింది. ఆపరేషన్ అయ్యాక మేడ ఎక్కలేదు కాబట్టి కింద వెనక గదిలో, బాత్రూం పక్కన, ఇనుప మంచం వేశారు. ఆసుపత్రి వరండాలో గుండీలక్క ఉండబట్టలేక ఒక మాట అనేసింది: "నేల తుడవడానికి కూడా తీరిక లేకపోయిందా నీకు?" ఆ తర్వాత చిన్నకోడలు ఎదురుపడినా తల వంచుకుని మెట్లెక్కిపోయేది. ఒకే ఇంట్లో నెలల తరబడి తోడికోడళ్ల మధ్య మాటల్లేవు.

వాన ముందురోజు నుంచే పడుతోంది. ఆ మధ్యాహ్నానికి మాత్రం ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురిసింది. రోడ్డు మీద నీళ్లు కాలవ కట్టి పారుతుంటే గుండీలక్క గుమ్మానికి అడ్డంగా ఇసుక బస్తాలు పేర్చి, సందుల్లో పాత దుప్పట్లు కుక్కింది. మిషను గుమ్మం వైపు తిప్పుకుని, ఒక కన్ను కుట్టు మీద, ఒక కన్ను బస్తాల మీద పెట్టి కూర్చుంది. రావాల్సిన ఆపద ఏదైనా ఎదురుగానే వస్తుందని ఆమె ధీమా.

వెనక నుంచి గుడగుడమని చప్పుడైంది.

"అత్తయ్యా, ఏమైనా కావాలా?"

"నా కడుపనుకున్నావా? బాత్రూంలోంచే అది!" అంది ముసలావిడ.

గుండీలక్క వెళ్లి చూసింది. నేల మీద నీళ్లు పోయే జాలీలోంచి బుడగలు పుడుతున్నాయి. కమోడ్‌లో నీళ్లు అంచుదాకా లేచి, మళ్లీ జారి, మళ్లీ లేస్తున్నాయి. గోడ అవతల ఏదో జంతువు ఊపిరి పీలుస్తున్నట్టుంది. చూస్తుండగానే జాలీ చుట్టూ నల్లటి నీళ్లు కమ్ముకున్నాయి. వాసనకి ముక్కుకి అడ్డంగా కొంగు కట్టుకుంది. చేతికందిన గుడ్డముక్కలు ప్లాస్టిక్ సంచిలో కుక్కి, జాలీ తీసి ఆ రంధ్రంలో దిగ్గొట్టి, దాని మీద నీళ్లు నిండిన బకెట్ పెట్టింది. నీళ్లు ఆగాయి. అమ్మయ్య అనుకుంది.

అంతలో గోడలోని పైపులో నీళ్లు దబదబా దిగుతున్న చప్పుడు వినిపించింది. పైన వాషింగ్ మిషన్ మురికి నీళ్లు వదిలింది. బకెట్ ఒక్కసారి అదిరి పక్కకు ఒరిగిపోయింది. ఈసారి నీళ్లు ఊరలేదు, పొంగాయి. కమోడ్ అంచు దాటి, గడప దాటి, అత్తగారి గదిలోకి పరుచుకున్నాయి.

బస్తా తెచ్చి పడేద్దామని ముందు గదిలోకి పరుగెత్తింది. బస్తా రెండు చేతులతో ఎత్తుకుని వెనక్కి తిరిగిన మనిషి తిరిగినట్టే నిలబడిపోయింది. ముందు గదిలో ప్లగ్గు ఎప్పుడో కాలిపోతే, వెనక గది ప్లగ్గు నుంచి పొడుగు వైరు లాగి కుట్టు మిషనుకి కరెంటు పెట్టుకుంది. ఆ వైరు చివరి బోర్డు రెండు గదుల మధ్య గడప దగ్గర నేల మీదే ఉంది. నల్లటి నీళ్లు దాని చుట్టూ చేరుతున్నాయి. బల్బు ఒకసారి మినుకుమంది. గడపకి ఇవతల పొడి నేల మీద తను, అవతల నీళ్ల మధ్య ఇనుప మంచం మీద అత్త.

"ఏమే, నీళ్లొచ్చేస్తున్నాయే!" ముసలావిడ దుప్పటి తోసేసి లేచి కూర్చుంది.

"కాలు దించొద్దు అత్తయ్యా! కరెంటుంది నీళ్లల్లో!"

"ఏంటీ? దించమంటావా?" వాన హోరులో ఆవిడకి సగమే వినబడింది. మంచం పట్టె పట్టుకుని బాగున్న కాలు కిందికి వేలాడేసింది.

గుండీలక్క చేతిలోంచి బస్తా జారిపోయింది. అరిచినా ఆ హోరులో వినబడదు. రెండు చేతులూ ముందుకు చాచి, ఆగు, ఆగు అన్నట్టు ఊపింది. ముసలావిడ ఆమె మొహం చూసింది. ఆ మొహంలో ఏం కనిపించిందో గాని, కాలు అలాగే గాల్లో ఆపేసింది.

మెయిన్ స్విచ్ పైన వరండాలో ఉంది. అక్కడికి పోవాలంటే ఈవిణ్ణి ఒంటరిగా వదలాలి. తను కళ్లముందు లేకపోతే కాలు దించేస్తుందేమో. నిలబడి ఉంటే నీళ్లే పైకొస్తాయి. ఇంకోసారి చేత్తో ఆగమని చూపించి, బస్తాల మీంచి దూకి, బయటి మెట్లు పట్టుకుని పైకి పరుగెత్తింది.

తలుపు దబదబా బాదింది. చిన్నకోడలు తీసి, ఈమెను చూడగానే మొహం ముడుచుకుంది.

"మెయిన్ తీసెయ్! కింద మురుగు ఎక్కింది. వైరు నీళ్లల్లో ఉంది. అత్తయ్య మంచం దిగుతోంది!"

చిన్నకోడలు మారుమాట అడగలేదు. చెప్పులేసుకుని, వరండాలోకి ఒక్క ఉరుకు ఉరికి, స్విచ్ కిందికి లాగేసింది. లోపల తిరుగుతున్న వాషింగ్ మిషన్ మూలిగి ఆగిపోయింది.

"ఆ మిషను నీళ్లే కింద మా బాత్రూంలో పైకి లేస్తున్నాయి" అంది గుండీలక్క రొప్పుతూ. "రోడ్డు డ్రైనేజీ లైను నిండిపోయినట్టుంది, పోయే దారి లేదు. ఇంక కుళాయి కూడా తిప్పకు."

ఇద్దరూ కిందికి పరుగెత్తారు. మెట్ల మీంచే "అత్తయ్యా!" అని కేకేసింది గుండీలక్క. జవాబు లేదు. మళ్లీ పిలిచింది. లేదు. మిగిలిన మెట్లు ఎలా దిగిందో ఆమెకు గుర్తులేదు. అడ్డొచ్చిన గుడ్డల మూటని తన్నుకుంటూ, పిక్కల దాకా మురుగులో దిగి, చీకటి పడ్డ ఆ గదిలోకి వెళ్లింది.

ముసలావిడ కళ్లు గట్టిగా మూసుకుని, పట్టెని రెండు చేతులా కరుచుకుని ఉంది. కాలు ఇంకా గాల్లోనే ఉంది. తొడ వణుకుతోంది. బొటనవేలికి కాస్త కిందే నీళ్లు.

"పైకి రావట్లేదే ఈ కాలు" అంది సన్నటి గొంతుతో.

చేతుల కుర్చీ ఒకటి తెచ్చి, కుట్టడానికి ఉంచిన యూనిఫాం గుడ్డతో ఆవిణ్ణి దానికి కట్టారు. చిన్నకోడలు పైన, గుండీలక్క కింద పట్టుకుని, జోరువానలో మెట్లెక్కించారు. "నన్ను పడేశారో, దెయ్యమై పైనా కిందా రెండిళ్లలోనూ తిరుగుతా" అని ముసలావిడ బెదిరిస్తూనే ఉంది. సగం మెట్ల దగ్గర చిన్నకోడలి కాలు జారింది. కుర్చీ బరువంతా గుండీలక్క గుండెల మీదికి వచ్చింది. వెనక్కి పడితే ముగ్గురూ పోతారు.

"అక్కా, పట్టుకున్నావా?"

"పట్టుకున్నా. నువ్వు కాలు సర్దుకో. తొందర లేదు."

పైకి చేరాక, డాబా మీద వాననీళ్లలోనే సబ్బుతో కాళ్లూ చేతులూ రుద్దుకున్నారు. ఫోను చేస్తే ప్లంబర్ కంగారు పడ్డాడు: "చుక్క నీళ్లు కూడా పైపులో పొయ్యకండమ్మా. నీళ్లకి దారి చేస్తామని రోడ్డు మీద మ్యాన్‌హోల్ మూతలు ఎవరూ ఎత్తకుండా చూడండి. నీళ్ల కింద గొయ్యి కనపడదు, మనిషి పోతే దొరకడు." కింద ఇంట్లో ఏవో వస్తువులు తేలి గోడలకు కొట్టుకుంటున్న చప్పుడు పైకి వినిపిస్తోంది. కమోడ్ వాడకుండా అత్తగారికి బకెట్ పెట్టి, దుప్పటి కప్పి, ఇద్దరూ గోడకు ఆనుకుని ఆ చప్పుడు వింటూ కూర్చున్నారు.

"ఆసుపత్రిలో ఆ మాట అనకుండా ఉండాల్సింది" అంది గుండీలక్క.

"నేల తడిగానే ఉందక్కా" అంది చిన్నకోడలు. "నాకు తెలుసు. అందుకే నీ మొహం చూడలేకపోయా."

మర్నాటికి నీళ్లు దిగాయి. పరుపు, గుడ్డల తానులు, కుట్టి మడతపెట్టిన యూనిఫాంలు, అన్నీ పారెయ్యాల్సి వచ్చింది. చేతులకు తొడుగులు, కాళ్లకు బూట్లు వేసుకుని, తలుపులు బార్లా తెరిచి, బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో నేలా గోడలూ రుద్దారు. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా కింద కరెంటు పెట్టలేదు. ప్లంబర్ ఇంటి మురుగు పైపులన్నీ కలిసే చాంబర్ మూత తీసి, పేరుకున్న వంటనూనె గడ్డని పైకి లాగాడు. దాని నిండా దారాల ఉండలు. తోడికోడళ్లు ఒకరినొకరు చూసుకున్నారు.

"నూనె పైనింటిదా, దారాలు కిందింటివా అని నన్నడక్కండి" అన్నాడతను. "రెండూ కలిసి కాపురం పెట్టేశాయి. అయినా ఇది తీసేస్తే సరిపోదు. రోడ్డు లైను నిండితే మళ్లీ వెనక్కి తంతుంది." చాంబర్‌లో రేకు తలుపులాంటిది ఉండే వాల్వ్ బిగించాడు. లోపలి నీళ్లు బయటికి పోతుంటే అది తెరుచుకుంటుంది, బయటివి వెనక్కి తోస్తే మూసుకుంటుంది. "మూసుకున్నప్పుడు మీ నీళ్లూ బయటికి పోవు. అప్పుడు పైన ఎవరు స్నానం చేసినా ఆ నీళ్లు కిందే తేలతాయి. గుర్తుంచుకోండి." ప్లగ్గులన్నీ నడుం ఎత్తుకు మార్పించుకున్నారు. అత్తగారు మళ్లీ కిందికి దిగలేదు. చిన్నకోడలు దిగనివ్వలేదు.

మరుసటి ఏడు అంత వానా మళ్లీ వచ్చింది. మేఘం కమ్మగానే చిన్నకోడలు పైన కుళాయిలన్నిటికీ గుడ్డలు కట్టేసి, అత్తగారి స్నానం వాయిదా వేసింది. మెయిన్ తీసేయించి, కింద గుండీలక్క బాత్రూం గుమ్మంలో స్టూలు వేసుకుని జాలీ వైపే చూస్తూ కూర్చుంది. రోడ్డు నిండింది. చాంబర్‌లో రేకు తలుపు టప్పున మూసుకున్న చప్పుడు నేలలోంచి వినిపించగానే ఆమె ముందుకి వంగింది. జాలీ దగ్గర నేల పొడిగానే ఉంది. అయినా వేలితో తడిమి చూసింది. కాసేపాగి మళ్లీ తడిమింది.

వాన తగ్గాక చిన్నకోడలు గొడుగేసుకుని దిగి వచ్చింది.

"ఏమైనా వచ్చిందా అక్కా?"

"రాలేదు."

"మరింకేం, పైకి రా. అన్నం తిందువుగాని."

"నువ్వు పద. రోడ్డు మీద నీళ్లు పూర్తిగా దిగాక వస్తా" అంది గుండీలక్క, జాలీ మీంచి చూపు తిప్పకుండా.

చిన్నకోడలు వెళ్లలేదు. గొడుగు మూసి గోడకు ఆనించి, పక్కనే నేల మీద కూర్చుంది.