కార్తీకమాసంలో చేపల బేరం

నా చిన్నప్పుడు కార్తీకమాసం వచ్చిందంటే మా ఇంట్లో చేపల పులుసు వాసన ఉండేది కాదు. నెలంతా నీచు ముట్టనని మా తాతయ్య నియమం. నాలుక ఆయన మాట విన్నది గాని, కాళ్ళు వినలేదు. రోజూ పొద్దున్నే నా చెయ్యి పట్టుకుని రాజోలు చేపల మార్కెట్టుకు బయలుదేరేవాడు. "కొనను, తినను. చూస్తే కూడా దోషమేనా?" అని నాయనమ్మను అడిగేవాడు.

చూసి ఊరుకుంటే బాగానే ఉండేది. తను ముట్టకూడదు కనుక నా చేత మొప్పలు ఎత్తించి, "ఎరుపు పోయింది. కళ్ళు లోపలికి పోయాయి. దీనికి పెద్దకర్మ కూడా అయిపోయింది" అని గట్టిగా తీర్పు చెప్పేవాడు. అసలే ఆ నెలలో బేరాలు తక్కువ. వచ్చిన ఒకరిద్దరూ ఆ మాట విని జారుకునేవారు. దాంతో మేము కనబడగానే అమ్మేవాళ్ళు గంపల మీద గోనెలు కప్పేసేవారు.

చేపలత్త ఒక్కతే కప్పలేదు. వరసకు ఏమీ కాకపోయినా పిల్లలమంతా ఆవిడను అలాగే పిలిచేవాళ్ళం. ఒకరోజు ఆవిడ తన పీట తాతయ్య ముందుకు జరిపింది.

"నిలబడి తిడితే కాళ్ళు పీకుతాయండి బాబాయిగారూ. కూర్చుని చెప్పండి."

తాతయ్య దర్జాగా కూర్చున్నాడు. "మా బాబాయిగారు చూసిన చేపలండీ, రండి!" అని ఆవిడ కేక పెట్టింది. మర్యాద చేసింది కదా, ఇక మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన గంపలోకెల్లా పెద్దదైన పండుగప్పను చూపించి, బేరమాడుతున్న ఒకావిడతో, "ఇది వద్దమ్మా, మెత్తబడింది" అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. చేపలత్త మొహం మాడిపోయింది. ఆ రోజంతా ఆవిడ ఆశ దాని మీదే. వేలితో నొక్కి చూసింది. పడిన గుంట అలాగే ఉండిపోయింది.

"నిజమేనండి. నేను చూసుకోలేదు" అని దాన్ని తీసి పక్కన పడేసింది.

కొనవచ్చినావిడ కదల్లేదు. "అయితే మిగతావి మంచివేనన్నమాట" అని రెండు శీలావతులు కోయించుకుంది.

వారం తిరిగేసరికి ఆ గంప చుట్టూ జనం. గోనెలు కప్పినవాళ్ళంతా "మా దగ్గరికీ ఓసారి రండి బాబాయిగారూ" అని వెంటపడ్డారు. "నేను నియమంలో ఉన్నానండి. చేపల జోలికి రాను" అన్నాడు తాతయ్య, పీట మీద నుంచి లేవకుండానే.

తాతయ్య మీద కోపం రాలేదా అని ఒకసారి చేపలత్తనే అడిగాను.

"వచ్చిందమ్మా, ఎందుకు రాలేదూ! కానీ ఇంటికెళ్ళేక తిట్టుకున్నోళ్ళు మళ్ళీ నా గంప కాడికి రారు కదా. ముందే చెప్పేస్తే నేను తీసి పారేస్తాను" అంది.

ఇప్పుడు నాకే మనవలున్నారు. నా వంటను ఇంటిల్లిపాదీ మెచ్చుకుంటారు, చిన్నకోడలు తప్ప. "పులుపెక్కువైందండీ అత్తయ్యగారూ" అని మొహం మీదే అనేస్తుంది. ఆయ్, నాకు ఒళ్ళు మండుతుంది. అయినా పులుసు దించే ముందు ఆ పిల్లనే పిలిచి, అరచేతిలో ఓ చుక్క వేసి, ఏమంటుందోనని బిక్కుబిక్కుమంటూ నిలబడతాను.