డీజిల్ ఇంజను పెట్టించిన ఏడాది

మొన్న మా చిన్నబ్బాయి తన ట్రాలీ ఆటోకు కొత్త ఇంజను వేయించి తెచ్చాడు. వారం తిరక్కముందే లోపలినుంచి ఏదో కీచుమంటోందని మళ్ళీ ఆ కంపెనీ షెడ్డుకే తీసుకుపోతే, వాళ్ళు బండిని లోపలికి తోలుకుని, వీణ్ణి అద్దాల గదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చి, కంప్యూటరులో ఏ తప్పూ కనబడలేదని చెప్పి పంపించారట. చప్పుడు మాత్రం బండితోపాటే ఇంటికొచ్చింది. మరి నువ్వేమన్నావురా అంటే, "నేనేమంట అమ్మా, కంప్యూటరే లేదనవట్టె" అన్నాడు. ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే మనసు మా జీపు రోజుల మీదికి పోయింది.

నా ఈడు వాళ్ళకు ఆ జీపుల సంగతి చెప్పనక్కరలేదు. మిర్యాలగూడ నుంచి త్రిపురారం దాకా మా ఆయన తోలే జీపులో ముందర నలుగురు, వెనక ఎంతమంది పడితే అంతమంది, చివర మెట్టు మీద నిలబడి కడ్డీలు పట్టుకు వేలాడేవాళ్ళు వేరే. మా ఆయన మొహమాటస్తుడు, తెలిసినవాళ్ళను కిరాయి అడగలేడు, అందుకని నాట్ల కాలంలో వంట తెల్లవారకముందే ముగించి నేనే వెనక కూర్చుని వసూలు చేసేదాన్ని. ఆ జీపు పెట్రోలు తాగే తీరు చూసి నాకు నిద్ర పట్టేది కాదు. ఎండిన చేను నీళ్ళు తాగినట్టు తాగేది. చివరికి పాత ఇంజను తీసేయించి సూర్యాపేటలో మా ఆయనకు బాగా తెలిసిన మేస్త్రి చేత డీజిల్ ఇంజను వేయించాము. అప్పట్లో చాలామంది అలాగే చేసేవారు.

ఇంజనుకు పసుపు కుంకుమలు పెట్టి, నాట్లకు పోయే ఆడవాళ్ళ గుంపును మొదటిసారి ఎక్కించుకుని బయలుదేరామో లేదో, రైసు మిల్లుల వరస దాటేసరికి ముందువైపునుంచి ఠక్కు ఠక్కుమని చప్పుడు మొదలైంది. గుంతలో పడితే పెద్దగా, మంచి రోడ్డు మీద సన్నగా, ఎవరో లోపల ఉండి సుత్తితో కొడుతున్నట్టు. ఆ గుంపుకు పెద్ద దిక్కయిన ఒక ముసలావిడ ఉండేది, ఆమె నోటికి జడవని వాళ్ళు లేరు. "ఏందే, నీ జీపుల ఎవలో తలుపు కొడుతున్నరు, తీయరాదు" అంది. అందరూ పకపకా నవ్వారు. నేను నవ్వలేదు.

సూర్యాపేటకు తోలుకుపోతే ఆ చప్పుడు మాయం. దవాఖాన గడప ఎక్కగానే జ్వరం దిగిపోయే పిల్లలుంటారే, అచ్చం అట్లా. మేస్త్రి ఇంజను మీద చెవి పెట్టి విన్నాడు, బజారులో ఒక చుట్టు తిప్పి తెచ్చాడు, మీకు భ్రమ అన్నాడు. ఇంటికొచ్చి మర్నాడు జనాన్ని ఎక్కించుకుంటే మళ్ళీ ఠక్కు ఠక్కు. ఇట్లా కాదని కోదాడలో ఇంకొకాయనకు చూపిస్తే, ఆయన ఇంజను పైమూత విప్పి, ఏవో బిగించి, ఏవో వదులు చేసి, "ఏం లేదమ్మా, కొత్త ఇంజను గదా, కుదురుకోవాలి, తోలుతుంటే అదే సర్దుకుద్ది" అన్నాడు. పైగా చప్పుడు వినబడకుండా బానెట్టు కింద గోనెసంచి కుక్కమని సలహా ఇచ్చాడు. కుక్కాము. దారిలో గోనె కమురు వాసన కొట్టి, జీపు తగలబడుతోందని జనం దూకినంత పని చేశారు.

ఆ తరువాత ఆ ముసలావిడ గట్టిగానే చెప్పింది. ఈ వారం చూస్తామని, చప్పుడు పోకపోతే వేరే జీపు మాట్లాడుకుంటామని. ఆమె పోతే గుంపంతా పోతుంది, గుంపు పోతే ఆ సీజను పోయినట్టే. మా ఆయన అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికేవాడు. జీపు అమ్మేసి మిల్లులో బస్తాలు తూకం వేసే పనికి పోతానని ఒక పొద్దున అన్నాడు. ఆ మనిషికి స్టీరింగు పట్టుకుంటే తప్ప ముఖంలో కళ ఉండేది కాదు, మిల్లులో ఊక దుమ్ము మధ్య ఎట్లా నిలబడతాడో నేను ఊహించుకోలేకపోయాను. చప్పుడు నీ షెడ్డుకు రాదు, నువ్వే చప్పుడు దగ్గరికి రా అని సూర్యాపేట మేస్త్రికి కబురు పంపించాను.

అతను పొద్దుటి బస్సుకు విసుక్కుంటూ దిగాడు. అప్పటికే జీపు నిండిపోయి ఉంది. అందర్నీ దిగమన్నాడు, ఖాళీ చేస్తే తప్ప చూడలేనన్నాడు. ఒక్కరూ కదల్లేదు. పక్కనే ఇంకో గుంపు చద్ది మూటలతో నిలబడి ఉంది మరి.

"మేం దిగితే గాళ్ళు కూసుంటరు. నువ్వు సూసేది గిట్లనే సూడు" అంది ముసలావిడ.

"గిట్లెట్ల సూడాలె పెద్దమ్మా, నా మీద ఇంత జనాన్ని పెట్టుకోనా" అన్నాడు మేస్త్రి.

"పెట్టుకో, నీ పెండ్లాం ఏమన్న అంటదా" అంది ఆమె.

నేను బతిమాలాను, తరువాత తిట్టాను. మీ సీట్లు ఎక్కడికీ పోవు, నేను కాపలా ఉంటానన్నాను. నా మాటను ఎవరూ లెక్కచేయలేదు. ఆ నిమిషాన వాళ్ళ మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. చేసేది లేక మేస్త్రి వెనక మెట్టెక్కి కడ్డీ పట్టుకుని, "పోనియ్యి అన్నా" అన్నాడు.

మిల్లులు దాటగానే చప్పుడు మొదలైంది. మేస్త్రి ముఖం మారిపోయింది. కాసేపు కింద తన కాళ్ళకేసి చూసుకున్నాడు. "ఆపు అన్నా, ఇది ముందల కాదు, నా అరికాళ్ళ కిందనే కొడుతుంది" అన్నాడు. రోడ్డు పక్కన ఆ రోజు నీళ్ళ వంతు లేక ఎండి ఉన్న సిమెంటు పిల్లకాలువ ఉంటే, చక్రాలు చెరో గట్టు మీద ఉండేలా జీపును నిలబెట్టించి తను కాలువలోకి దిగి కిందికి దూరాడు. ఎవరూ కదలొద్దని ఈసారి అతనే అరిచాడు. ఇప్పుడు దిగమన్నా దిగమని ఆడవాళ్ళు ఒకటే నవ్వు.

కొత్త ఇంజనుకు పొగగొట్టం రెండోవైపు ఉంటుందట, అందుకని మేస్త్రే దాన్ని చుట్టు తిప్పి వెనక ఇరుసు మీదుగా తెచ్చాడు. ఖాళీ బండిలో గొట్టానికీ ఇరుసుకూ మధ్య చెయ్యి దూరేంత సందు ఉంది. జనం నిండేసరికి ఇరుసు మీద బరువు మోసే కమాన్ పట్టీలు వంగి, బండి కిందికి దిగి, గొట్టం ఇరుసుకు కొట్టుకుంటోంది. దాని రెండో కొస ఇంజనుకే బిగించి ఉంటుంది కాబట్టి ఆ దెబ్బ ముందుకు పాకి ఇంజనులోనే మోగినట్టు వినబడేది. "ఎప్పుడు సూసినా ఖాళీ బండే సూస్తిని గద వదినా" అని తలకొట్టుకుంటూ పైకొచ్చాడు. అక్కడే గొట్టాన్ని పక్కకు వంచి కట్టాడు. ఆ రోజు నాటు ఆలస్యమై ఆడవాళ్ళు రైతుతో మాటలు పడ్డారు, అవే మాటలు సాయంత్రం ఇంకాస్త కారం కలిపి మాకు అప్పజెప్పారు. మర్నాడు పొద్దున్నే వచ్చి ఎవరి చోట్లో వాళ్ళు కూర్చున్నారు. మా ఆయన మిల్లు మాట మళ్ళీ ఎత్తలేదు, ఓపిక ఉన్నంతకాలం జీపే తోలాడు.

ఇప్పుడా రోడ్డు మీద ఇంటికొక మోటారుసైకిలు, ఊరికి పది ఆటోలు. బండి కాస్త మూలిగితే చాలు, జనం దిగి చెయ్యెత్తి వెనకొచ్చే బండి ఎక్కుతారు, ఎవరి తొందర వాళ్ళది. వాళ్ళను తప్పుపట్టను. కాని దిగమని కాళ్ళావేళ్ళా పడినా దిగని మనుషులు మా బండిలో ఉండేవారు. వాళ్ళను ఆ రోజు ఎన్ని తిట్టానో. అట్లా మొండికేసి, మన మీద విసుక్కుంటూనే మన బండిలో కూర్చునేవాళ్ళు ఇప్పుడెవరున్నారు?