ఎస్తేరక్క ముక్కుకు పరీక్ష

మొన్న చెన్నైలో మా బావమరిది ఇంట్లో ఎర్ర వైను గ్లాసు దగ్గర ముక్కు పెట్టానో లేదో, మనసు వాకాడులోని ఎస్తేరక్క మెస్సుకు పరుగు తీసింది.

ఎస్తేరక్క నాకు చుట్టం కాదు, యజమానురాలు. వంట ఆమెది, వడ్డన నాది. ఆమె చేపల పులుసు మట్టిచట్టిలో రాత్రంతా ఊరి, మర్నాటికి అసలు రుచికి వచ్చేది. "ఈ వాసనకు సముద్రంలో పడవలు దారి మళ్లించుకుని వచ్చేస్తాయి సార్" అని వడ్డిస్తూ చెప్పేవాణ్ని. కొత్తవాళ్లు నవ్వేవాళ్లు. పాతవాళ్లు ఇంకో ముక్క అడిగేవాళ్లు. ఒకసారి నిజంగానే ఓ పడవ వచ్చిందంటే మీరు నమ్మరు, వదిలేయండి.

ఒక ఏడాది అక్కకు జ్వరం తగిలి ముక్కుకు వాసన తెలియకుండా పోయింది. కొన్నాళ్లకు తిరిగి వచ్చినట్టే అనిపించింది గానీ, ఆమెకు నమ్మకం చిక్కలేదు.

"పులుసు మూత తీస్తే వాసనొస్తా ఉండాదిరా అబ్బయ్యా. అది ముక్కుకొస్తా ఉండాదో, ఇన్నేళ్ల అలవాటుకు బుర్రలోంచి వస్తా ఉండాదో తెలీడం లా. రేపు చెడిన చేప చట్టిలో పడితే? ముక్కు లేదని తేలితే మెస్సు మూసేస్తా."

సరిగ్గా అప్పుడే రొయ్యలు ఎగుమతి చేసే భాస్కర్ గారు ఒక సీసాతో వచ్చారు. ఫ్రాన్సులో పేరుమోసిన ద్రాక్షతోట వారి వైనట, పాతికేళ్లుగా సీసాలో నిద్రపోతోందట. ఎవరో విదేశీ వ్యాపారి అందులోని వాసనలన్నీ వర్ణించి మరీ కానుకగా ఇచ్చాడట. అక్క పులుసు తింటూ దాన్ని రుచి చూడాలని ఆయన ముచ్చట. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే అక్క, మందు వాసనొస్తే మనిషిని గడప తొక్కనివ్వని అక్క, టీ గ్లాసు ముందుకు జరిపింది.

"నాకూ ఒక గుక్క పొయ్యన్నా."

"అక్కా! పాస్టరు గారికి తెలిస్తే?" అన్నాను.

"నేనే చెప్పుకుంటాలే. ఇది నేను పుట్టి ఎరగని వాసన. ఇందులో అలవాటు నన్నెట్టా మోసం చేస్తది?"

భాస్కర్ గారికి సంగతంతా చెప్పి, మా ఇద్దరికీ ఒక షరతు పెట్టింది. "ఇందులో ఏమేం వాసనలుండాయని మీ దొర చెప్పినాడో వీడి చెవిలో వెయ్యండి. నేను చెప్పేదాకా వీడు నోరు తెరవకూడదు. ముందే వీడేం చెప్తే నాకదే వాసనొస్తది."

భాస్కర్ గారు మూడు వాసనలు నా చెవిలో వేశారు. లోకంలో సాక్షులు కరువైనట్టు నన్నే పెట్టింది! ఈ వైను కోసం కిరీటం తాకట్టు పెట్టిన రాజు కథొకటి అప్పటికే నా గొంతు దాకా వచ్చేసింది. మింగేశాను.

బిరడా సగం పొడై రాలింది. గ్లాసులో ఇటుక రంగు తేలింది. అక్క వాసన చూసింది. మళ్లీ చూసింది. "లాభం లా" అంది నీరసంగా. ఆమె ఏం చెప్పినా 'అదే అక్కా' అనేద్దామని నేను సిద్ధమైపోయాను. గ్లాసు తిప్పమని భాస్కర్ గారు సైగ చేశారు. తిప్పి, ఒక గుక్క వేసి, కళ్లు మూసుకుంది.

"వానకు తడిసిన పొగాకు కొట్టం... దాని అడుగున తోలు చెప్పు. కొత్తది గాదు, తొడిగి తొడిగి మెత్తబడింది. ఇప్పుడు చెప్పరా."

"పొగాకు, తోలు" అన్నాను. ఒక్క క్షణం తటపటాయించి, "ఎండుద్రాక్ష కూడా" అన్నాను.

"ఎండుద్రాక్షా? అది నాకు తగల్లేదే!" అని నా ముఖంలోకి చూసి పకపకా నవ్వింది. "అయితే నువ్వు నిజమే చెప్తా ఉండావు. అబద్ధమైతే నేనన్న రెండింటితో ఆపేసేవాడివి." కొంగుతో కళ్లు తుడుచుకుని భాస్కర్ గారి వైపు తిరిగింది. "చెప్పు వాసనొచ్చేదాన్ని పాతికేళ్లు దాచుకుని తాగుతారా అన్నా, మీ దొరలు?"

ఆ పూట ఆయనకు పులుసులో ఒకటికి రెండు ముక్కలు పడ్డాయి. అక్క ఆ తర్వాత చాలాకాలం వండింది.

ఇప్పుడు నెల్లూరులో నాకూ ఒక మెస్సుంది. నా కథలు తగ్గలేదు, ముదిరాయి. కానీ ఎదుటి మనిషి మొదటి ముద్ద నమిలి తలెత్తేదాకా నోరు విప్పను. అందులో ఏముందో ముందు ఆ నాలుకకే తెలియాలి. ఆ కాసేపు నాకు ప్రాణసంకటమే. అయినా నిలబడి ఆ ముఖం చూస్తాను. అప్పుడు వాళ్లు చెప్పే మాట ఎంత పెద్ద కథలోనూ నాకు దొరకదు.